చేపల కయాక్‌కి వైరింగ్: బ్యాటరీ నుంచి చివరి దీపం దాకా

డాలస్‌కి ఉత్తరాన, డెంటన్ దాటాక వచ్చే రే రాబర్ట్స్ సరస్సులో నీట మునిగిన చెట్ల మోళ్ళు చాలా ఉన్నాయి. క్రాపీ చేపలు వాటినే అంటిపెట్టుకుని ఉంటాయి. కయాక్ (తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ) కొన్న మొదటి ఏడాది, పొద్దు పొడవకముందే అక్కడ నీళ్ళలోకి దిగాను. మోళ్ళ మధ్యకి చేరేసరికి, నీటి లోతునీ కింద ఉన్న చేపల్నీ చూపించే ఫిష్ ఫైండర్ తెర ఆరిపోయింది. మళ్ళీ వెలిగింది. తెడ్డు వేసి ఒళ్ళు కదిలించినప్పుడల్లా ఇదే వరస. బ్యాటరీ మాత్రం నిండుగానే ఉంది.

ఇంటికొచ్చి సీటు వెనక అతుకు మీద నేను చుట్టిన నల్ల టేపు విప్పాను. లోపల పచ్చటి పొడి. పాత ఇత్తడి బిందెకి పట్టినట్టు రాగికి చిలుము పట్టింది. ఎంతవరకు పాకిందో చూద్దామని వైరు తొడుగు కోసుకుంటూ పోతే, జానెడు దూరం దాకా పోగులు నల్లబడి ఉన్నాయి. గోటితో నొక్కితే పుటుక్కున విరిగాయి. అతుకు దగ్గర దూరిన నీరు, దీపంలో వత్తి నూనె పీల్చినట్టు, సన్నటి పోగుల వెంబడి తొడుగు లోపలికి ఎక్కిపోయిందన్నమాట.

ఆ రోజు నుంచి నా పని పద్ధతి మారింది. కయాక్‌లో మధ్యన ఉన్న తీగ దానంతట అది చెడదు, అతుకు దగ్గర మొదలై చెడుతుంది. కాబట్టి ఈ పనంతా రెండే మాటలు: అతుకులు వీలైనన్ని తగ్గించుకోవడం, తప్పనివాటిని నీరు చేరకుండా బిగించడం. కింద చెప్పే ప్రతి మెట్టూ వీటికోసమే.

నేను చెబుతున్నది పది పన్నెండు అడుగుల పాలీఎథిలీన్ కయాక్ గురించి, అంటే పైన కూర్చుని తెడ్డు వేసే రకం. దానికి ఒక ఫిష్ ఫైండర్, ఒక తెల్ల దీపం, ఫోను ఛార్జింగుకి ఒక యూఎస్‌బీ సాకెట్. శని, ఆదివారాలు రెండూ కేటాయిస్తే తొందరపడకుండా పూర్తవుతుంది.

1. ముందు లెక్క, తర్వాతే బ్యాటరీ

బ్యాటరీ ముందు కొనేసి తర్వాత దాంతో సర్దుకునేవాళ్ళే ఎక్కువ. అలా వద్దు. కాగితం మీద ప్రతి పరికరం ఎంత కరెంటు లాగుతుందో, రోజులో ఎన్ని గంటలు నడుస్తుందో రాయండి. ఫిష్ ఫైండర్ ఎంత లాగుతుందో దాని మాన్యువల్‌లో ఉంటుంది. తెర వెలుతురు పెంచితే అది కూడా పెరుగుతుంది కాబట్టి వీలుంటే మల్టీమీటరుతో కొలవండి.

నా ఏడంగుళాల తెర పూర్తి వెలుతురులో 1 ఆంపియర్ లాగుతుంది. ఎనిమిది గంటలకి 8 ఆంపియర్ అవర్లు. దీపం 0.3 ఆంపియర్, రెండు గంటలకి 0.6. ఫోను ఛార్జింగు 5 వోల్టుల దగ్గర 2 ఆంపియర్లు అంటే 10 వాట్లు. మధ్యలో కన్వర్టర్ వృథా కలుపుకుంటే బ్యాటరీ వైపు సుమారు 0.9 ఆంపియర్, రెండు గంటలకి 1.8. మొత్తం 10.4. దానికి ఐదో వంతు కలిపితే పన్నెండున్నర అవుతుంది. అంటే 15 ఆంపియర్ అవర్ల బ్యాటరీ సరిపోతుంది, 20 అయితే నిశ్చింత.

లెడ్ యాసిడ్ బ్యాటరీ చవక. కానీ దాన్ని సగం కంటే కిందకి తరచూ దించితే ఆయుష్షు తగ్గిపోతుంది, అంటే ఇదే పనికి ఆరు కిలోలకి పైగా బరువు మోయాలి. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకంలో 20 ఆంపియర్ అవర్లది సుమారు రెండున్నర కిలోలే. కయాక్ ఎత్తి కారు మీద పెట్టేవాళ్ళకి ఈ తేడా నడుముకి తెలుస్తుంది. నా సలహా లిథియమే, మూడు జాగ్రత్తలతో. ఆ రకానికి తగిన ఛార్జరే వాడాలి. గడ్డకట్టే చలిలో, అంటే సున్నా డిగ్రీల కింద, ఛార్జింగు పెట్టకూడదు. జనవరిలో గరాజ్‌లో వదిలేసేవాళ్ళు గుర్తుంచుకోండి. మూడోది, దీని వోల్టేజీ చివరిదాకా 13 దగ్గరే నిలబడి ఆఖర్న ఒక్కసారిగా పడిపోతుంది. అందుకని తెర మీద వోల్టు అంకె చూసి ఇంకా చాలా ఉందనుకుంటే పొరపాటే. గంటల లెక్కనే నమ్మండి.

2. పచ్చిక మీద కూర్చుని చూడండి

డ్రిల్లు చేతిలోకి తీసుకోకముందు కయాక్‌ని ఇంటి ముందు గడ్డి మీద పెట్టి, సీట్లో కూర్చుని, తెడ్డు పట్టుకుని గాలిలో ఇరవై సార్లు వేయండి. మోచేయి ఎక్కడ తగులుతుందో, మోకాలు ఎక్కడికి వస్తుందో తెలుస్తుంది. ఫిష్ ఫైండర్ డబ్బాని టేపుతో అంటించి, ఇటూ అటూ మార్చి చూడండి. చేప లాగేటప్పుడు దారం ఏ వైపునుంచి వస్తుందో కూడా ఊహించుకోండి. స్విచ్‌లు కూర్చున్నచోటునుంచి చూడకుండా అందాలి.

బ్యాటరీని వీలైనంత కిందగా, పడవ మధ్యగీత మీద, సీటుకి దగ్గరగా పెట్టండి. ఎత్తైన క్రేట్‌లో పెడితే కయాక్ ఊగిసలాడుతుంది. ఐపీ67 రకం డబ్బా తీసుకోండి. ఆ గుర్తుకి అర్థం, మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా లోపలికి నీరు రాకూడదని. పట్టీతో డబ్బాని పడవకి కట్టేయాలి. బోల్తా పడినప్పుడు కట్టని డబ్బా వైర్లను తెంపుకుని పోతుంది. లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే ఛార్జింగులో హైడ్రోజన్ వాయువు వస్తుంది, కాబట్టి మూసిన డబ్బాలో ఉంచి ఛార్జింగు పెట్టవద్దు.

3. ఫ్యూజు

మన ఊళ్ళలో కిట్‌క్యాట్ ఫ్యూజు పోతే, ఇంట్లో దొరికిన రాగి తీగ రెండు పోగులు చుట్టి మళ్ళీ కరెంటు తెప్పించిన రోజులు చాలామందికి గుర్తుంటాయి. నేనూ చుట్టాను. ఆ అలవాటు ఇక్కడ ప్రాణాంతకం. చేతిలో పట్టేంత లిథియం బ్యాటరీ అయినా షార్టయితే క్షణంలో తీగని ఎర్రగా కాల్చగలదు, ఆ తీగ ఉన్నది ప్లాస్టిక్ పడవలో, మీరు ఉన్నది ఒడ్డుకి దూరంగా. బ్యాటరీ లోపలి రక్షణ బోర్డు ఆపుతుందిలే అని దాని మీదే ఆధారపడవద్దు.

ఫ్యూజు కాపాడేది పరికరాన్ని కాదు, తీగని. అందుకే అది బ్యాటరీ పక్కనే ఉండాలి. ప్లస్ తీగ మీద, టెర్మినల్ నుంచి ఏడంగుళాల లోపు 10 ఆంపియర్ల ప్రధాన ఫ్యూజు పెట్టండి. ఫ్యూజు కంటే ముందున్న ఆ కాస్త తీగకి రక్షణ లేదు కాబట్టే దాన్ని అంత పొట్టిగా ఉంచమంటున్నాను.

ప్రధాన ఫ్యూజు తర్వాత ఆరు దారుల చిన్న ఫ్యూజు బ్లాక్. కార్లలో వాడే బ్లేడు ఫ్యూజులే దీనికీ సరిపోతాయి. ఫిష్ ఫైండర్‌కి మాన్యువల్‌లో చెప్పినంత, సాధారణంగా 3, దీపానికి 3, యూఎస్‌బీకి 5. మైనస్ తీగలన్నీ కలిసే బార్ ఉన్న బ్లాక్ తీసుకుంటే విడిగా అతుకులు వేసే అవసరం రాదు. ఒక్కో దారికి ఒక్కో ఫ్యూజు ఉంటే, దీపం దగ్గర షార్టయినా ఫిష్ ఫైండర్ నడుస్తూనే ఉంటుంది, మీకు ఒడ్డు దారి కనిపిస్తూనే ఉంటుంది. బ్లాక్ కూడా బ్యాటరీ డబ్బాలోనే ఉంచండి. అదనపు ఫ్యూజులు నాలుగు మూతకి లోపల టేపుతో అంటించి పెట్టుకోండి.

4. తీగ ఎంపిక

మామూలు రాగి తీగ వద్దు. ప్రతి పోగుకీ తగరం పూత ఉన్న మెరైన్ వైరు తీసుకోండి. కోసి చూస్తే ఎర్రగా కాకుండా వెండిలా మెరుస్తుంది. పూత ఉంటే చిలుము అంత సులువుగా పట్టదు. అడుగుకి కొన్ని సెంట్లు ఎక్కువ, అంతే. పోగులు ఎంత సన్నగా, ఎన్ని ఎక్కువ ఉంటే కుదుపులకి అంత ఓర్చుకుంటుంది.

మందం విషయానికి వస్తే, ఫిష్ ఫైండర్ రెండు మీటర్ల దూరంలో ఉంటే కరెంటు వెళ్ళి రావడానికి నాలుగు మీటర్ల తీగ. 18 గేజ్ తీగకి (గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావవుతుంది) మీటరుకి 0.021 ఓములు, అంటే మొత్తం 0.084. ఒక ఆంపియర్‌కి పోయేది 0.084 వోల్టు. లెక్క ప్రకారం 18 గేజ్ నిక్షేపంగా చాలు. అయినా నేను 16 వాడతాను, లాగుడుకి, ఒరిపిడికి తట్టుకుంటుందని. బ్యాటరీ నుంచి ఫ్యూజు బ్లాక్ దాకా 14.

రంగుల గురించి మనవాళ్ళకి ప్రత్యేకంగా చెప్పాలి. మన దేశంలో ఇంటి వైరింగు చూసి పెరిగినవాళ్ళకి నలుపంటే న్యూట్రల్. అమెరికా ఇళ్ళలో నలుపే కరెంటున్న తీగ. ఈ తికమక తప్పించడానికే ఇక్కడ పడవల్లో మైనస్‌కి పసుపు రంగు వాడతారు. ఎరుపు, పసుపు కలిసి ఒకే తొడుగులో ఉన్న జంట తీగ కొంటే గొడవ ఉండదు.

5. అతుకు వేయడం

ఇక్కడ నెమ్మదించండి. ముందు రెండు వ్యర్థ తీగముక్కల మీద చేయి తిరిగేదాకా అభ్యాసం చేయండి.

తొడుగుని ఎనిమిది మిల్లీమీటర్లు తీయండి, స్ట్రిప్పర్‌తోనే, బ్లేడుతో కాదు. ఒక్క పోగు తెగినా ఆ కొస కత్తిరించేసి మళ్ళీ తీయండి. పోగులని వేళ్ళతో కాస్తంత మెలిపెట్టి కనెక్టర్ గొట్టంలోకి చివరిదాకా తోయండి. కనెక్టర్ రంగులకి అర్థం ఉంది: ఎరుపు 22 నుంచి 18 గేజ్‌కి, నీలం 16, 14 గేజ్‌లకి, పసుపు 12, 10కి. మన 16 గేజ్‌కి నీలం. కనెక్టర్‌ని తీగ మీద నొక్కి బిగించడాన్నే క్రింప్ అంటారు. దానికి, పూర్తిగా నొక్కితే తప్ప తెరుచుకోని రాచెట్ క్రింపింగ్ టూల్ వాడండి. పటకారుతో నొక్కినది పట్టుకున్నట్టే ఉంటుంది గానీ నెలకి జారుతుంది. నొక్కాక గట్టిగా లాగి చూడండి. ఇంట్లో మీ చేతికి ఊడొచ్చినది నీళ్ళ మీద ఎలాగూ ఊడేదే.

కనెక్టర్ చుట్టూ ఉండే హీట్ ష్రింక్, అంటే వేడికి ముడుచుకునే గొట్టం, లోపల జిగురు పూసిన రకం కావాలి. వేడిగాలిని మధ్యలో మొదలుపెట్టి అటొకసారి ఇటొకసారి కొసలకి జరపండి. గొట్టం ముడుచుకుంటూ తీగని పట్టేస్తుంది, ఆ తర్వాత రెండు కొసల దగ్గరా తేనెచుక్కలా జిగురు బయటికి ఉబుకుతుంది. ఆ చుక్క రెండువైపులా కనబడితేనే నీటికి దారి మూసుకున్నట్టు. చల్లారేదాకా కదపవద్దు.

టంకం పెడితే ఇంకా గట్టిది కదా అని చాలామంది అడుగుతారు. ఇంట్లో కదలని సర్క్యూట్‌కి బాగుంటుంది. పడవలో టంకం పోగుల మధ్యకి పారి ఆ కాస్త భాగాన్ని కడ్డీలా బిరుసు చేస్తుంది. ఆ బిరుసు ఆగి మెత్తటి తీగ మొదలయ్యే చోట ఊగీ ఊగీ తెగుతుంది. నేను క్రింపే వేస్తాను.

దారి మధ్యలో అతుకు రాకుండా ప్రతి తీగనీ ఫ్యూజు బ్లాక్ నుంచి పరికరం దాకా ఒకే ముక్కగా లాగండి. తీసి పెట్టాల్సిన పరికరాల దగ్గర మాత్రం రబ్బరు సీలున్న వాటర్‌ప్రూఫ్ ప్లగ్గు పెట్టి, పిన్నులకి తేమని ఆపే డైఎలక్ట్రిక్ గ్రీజు కాస్త రాయండి.

6. పడవకి రంధ్రం

అందరికీ గుండె దడదడలాడే మెట్టు ఇది. రంధ్రం డెక్ మీద, నీటి మట్టానికి బాగా పైన, నీరు నిలవని ఏటవాలు చోట ఉండాలి. వేసేముందు హ్యాచ్ మూత తీసి చేయి లోపల పెట్టి ఆ చోటు వెనక ఏముందో తడిమి చూడండి. మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద గుర్తుపెట్టి, ముందు సన్నటి రంధ్రం, తర్వాత మెట్లు మెట్లుగా లావయ్యే స్టెప్ బిట్‌తో మెల్లగా పెద్దది చేయండి. వేగం ఎక్కువైతే ప్లాస్టిక్ కరిగి అంచు వంకర పోతుంది. లోపల పడ్డ తుక్కు ఏరేయండి, అంచుని కత్తితో సాపు చేయండి.

ఆ రంధ్రంలో కేబుల్ గ్లాండ్, అంటే తీగ చుట్టూ రబ్బరు బిగుసుకుని నీటిని ఆపే బిరడా, బిగించాలి. దాని రబ్బరు గుండ్రటి తీగనే సరిగ్గా పట్టుకుంటుంది, బల్లపరుపు జంట తీగ పక్కన సందు మిగులుతుంది. అందుకని గ్లాండ్ దాటే చోట గుండ్రటి తొడుగున్న కేబుల్ ఉండాలి. పాలీఎథిలీన్‌కి సిలికాన్ గానీ మామూలు జిగుర్లు గానీ సరిగా అతకవు. ఒక వేసవి గడిస్తే ఒలిచిన తొక్కలా లేచొస్తాయి. కాబట్టి రబ్బరు వాషరు పెట్టి నట్టు బిగించి ఆ ఒత్తిడితో నీటిని ఆపాలి. చేయి అందని చోట స్క్రూ బిగించాలంటే లోపల ఉబ్బి పట్టుకునే రబ్బరు వెల్‌నట్ వాడండి.

గ్లాండ్‌లోకి వెళ్ళేముందు ప్రతి కేబులూ కిందకి ఒక వంపు తిరగాలి. అప్పుడు దాని మీద జారే నీరు వంపు అడుగున చుక్కై రాలిపోతుంది, గ్లాండ్ దాకా ఎక్కదు. పైసా ఖర్చులేని ఈ వంపు, ఖరీదైన సీలుతో సమానం.

7. ట్రాన్స్‌డ్యూసర్

నీళ్ళలోకి శబ్దం పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వినే భాగం ఇది. ఫిష్ ఫైండర్‌కి చెవీ నోరూ ఇదే. పడవ అడుగున లోపలివైపు అతికిస్తే మామూలు సోనార్ ప్లాస్టిక్ గుండా పనిచేస్తుంది, లోతు సరిగ్గానే చెబుతుంది. కిందనీ పక్కలనీ ఉన్నవాటిని ఫొటోలా చూపించే డౌన్ ఇమేజింగ్, సైడ్ ఇమేజింగ్ మాత్రం అలా పనిచేయవు, నీటి ఉష్ణోగ్రత కూడా తప్పు చూపిస్తుంది. మునిగిన చెట్ల కొమ్మలు విడివిడిగా కనిపించాలంటే ట్రాన్స్‌డ్యూసర్ నీళ్ళలోనే ఉండాలి: మీ కయాక్‌కి ఆ వీలుంటే స్కప్పర్ రంధ్రం (డెక్ మీది నీరు కిందకి పోయే రంధ్రం) దగ్గర, లేకపోతే పక్కన దించి ఎత్తే చేతి కడ్డీకి. నేను కడ్డీకి మొగ్గుతాను. ఒడ్డు రాళ్ళ దగ్గర పైకి తీసేయొచ్చు.

లోపల అతికించేవాళ్ళు, అతికించకముందే ఆ చోట కాసిని నీళ్ళు పోసి ట్రాన్స్‌డ్యూసర్ ఆనించి, సరస్సు మీద చూసుకోండి. మధ్యలో గాలిబుడగ చిక్కితే సంకేతం చచ్చిపోతుంది. కేబుల్ పొడవు ఎక్కువైందని ఎట్టి పరిస్థితిలోనూ కోయవద్దు. వదులుగా పెద్ద చుట్టలు చుట్టి జిప్ టైతో కట్టండి. పడవకి మోటారు ఉంటే దాని తీగలకి దూరంగా ఉంచండి, లేకపోతే తెర నిండా చుక్కల వాన.

8. దీపం, స్విచ్‌లు

అమెరికా నౌకాయాన నిబంధనల ప్రకారం తెడ్డుతో నడిచే పడవకి పక్క దీపాలు లేకపోయినా, ఢీకొనకుండా సకాలంలో చూపడానికి తెల్ల వెలుతురు చేతికి అందేలా ఉండాలి. నేను వెనక నాలుగడుగుల కడ్డీకి అన్నివైపులా కనిపించే తెల్ల దీపం పెట్టి, చేతి టార్చి కూడా దగ్గర ఉంచుకుంటాను. తెల్లవారుజామున వేగంగా వచ్చే బాస్ బోట్లకి (చేపలు పట్టే మోటారు పడవలకి) నీటిని అంటుకుని ఉండే కయాక్ అసలు కనపడదు. అందంకోసం ఎరుపు, ఆకుపచ్చ ఎల్‌ఈడీ పట్టీలు అంటించి రాత్రి వెలిగించవద్దు. నీటి మీద ఎడమకి ఎరుపు, కుడికి ఆకుపచ్చ అన్నది గుర్తు, తప్పుచోట వెలిగితే ఎదుటివాడు మీరు ఎటు పోతున్నారో తప్పుగా లెక్కవేస్తాడు.

యూఎస్‌బీ సాకెట్‌కి తప్పకుండా స్విచ్ పెట్టండి. దాని మీదుండే చిన్న అంకెల తెర, ఏమీ తగిలించకపోయినా, వారాల తరబడి బ్యాటరీని కొద్దికొద్దిగా తాగేస్తుంది.

9. మోటారు సంగతి

తెడ్డుకి తోడు ఎలక్ట్రిక్ మోటారు పెట్టుకునేవాళ్ళు దానికి పూర్తిగా వేరే బ్యాటరీ, వేరే తీగలు వాడాలి. 55 పౌండ్ల థ్రస్ట్ మోటారు పూర్తి వేగంలో 50 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి 60 ఆంపియర్ల బ్రేకర్, మోటారు పట్టికలో చెప్పిన లావు తీగ కావాలి. మనం ఇప్పటిదాకా వేసిన 16 గేజ్‌తో దానికి సంబంధమే లేదు. ఇంకొకటి: టెక్సస్‌లో తెడ్డుతో నడిపే కయాక్‌కి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ చిన్న ఎలక్ట్రిక్ మోటారు తగిలించినా పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ దగ్గర రిజిస్టర్ చేయించాలి.

10. నీళ్ళలోకి దిగేముందు

పరికరాలన్నీ విప్పేసి, బ్యాటరీ తగిలించకుండా, స్విచ్‌లు వేసి ప్లస్, మైనస్ మధ్య మల్టీమీటరు బీప్ చూడండి. మోగకూడదు. మోగితే ఎక్కడో రెండూ తాకుతున్నాయి. తర్వాత బ్యాటరీ తగిలించి ప్రతి కొస దగ్గరా ఎరుపుకి ప్లస్సే వస్తోందా చూసుకున్నాకే పరికరాలు పెట్టండి. అన్నీ వేసి నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, ఫిష్ ఫైండర్ ప్లగ్గు దగ్గర ఒకసారి వోల్టేజీ కొలవండి. తేడా పావు వోల్టు దాటితే ఏదో అతుకు సరిగా లేదు. ఒక్కో తీగనీ పట్టుకుని ఊపుతూ తెర వంక చూడండి. నా మొదటి ఏడాది తప్పు ఈ ఒక్క పరీక్షకే బయటపడి ఉండేది.

డబ్బాలో బ్యాటరీ బదులు ఇటుక, చుట్టూ టిష్యూ కాగితం పెట్టి, తీగలు గ్లాండ్‌లోంచి వచ్చినవి వచ్చినట్టే ఉంచి, స్నానాల తొట్టిలో అరగంట ముంచండి. కాగితం ఎక్కడ తడిసిందో అక్కడే సందు.

గాల్వెస్టన్ వైపు ఉప్పునీళ్ళకి వెళ్ళొస్తే ఆ సాయంత్రమే మంచినీళ్ళతో కడిగి, డబ్బా మూత తీసి ఆరబెట్టండి. ఉప్పాడలో మా మేనమామ ఫైబర్ తెప్ప మీద జీపీఎస్‌కి తీగ లాగినప్పుడు కూడా నేను చేసింది ఇదే పద్ధతి. అక్కడ మాత్రం రోజూ ఉప్పే కాబట్టి ప్లగ్గుల గ్రీజు నెలకోసారి తుడిచి కొత్తది రాయమని చెప్పి వచ్చాను. మంచినీటి సరస్సులకైతే ఆరు నెలలకోసారి చాలు. ఏ తీగ ఏ ఫ్యూజుకో ఒక బొమ్మ గీసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, డబ్బా మూతకి లోపలివైపు అంటించండి.